నురుగు బాబాయి సొరపాదు

ఒక్క సొరకాయ కోసం మూడు వీధుల మగవాళ్లందరిచేతా పట్టపగలు బట్టలు విప్పించిన మొనగాడు ఈ భూమ్మీద ఒక్కడే ఉన్నాడు. అతను మా పక్కింట్లో ఉంటాడు.

మూడు వీధులన్నది కొంచెం ఎక్కువే అనుకోండి. ఒక్క వీధి. అందులోనూ ఆ పూట అతని సెలూన్లో ఉన్నవాళ్లు మాత్రమే. బట్టలంటే చొక్కాలూ బనియన్లూ. బస్సు డ్రైవరు ఒక్కడే ఇంకాస్త ముందుకెళ్లాడు గాని, అతనూ లోపలి గదిలో గడియ వేసుకునే వెళ్లాడు. అబద్ధమాడే పిల్లల నాలుక మీద సబ్బు రుద్దుతామని మా కాన్వెంటులో సిస్టర్లు బెదిరించేవారు. ఆ సబ్బు రుచి నాకు కొత్త కాదు. అందుకే తగ్గించాల్సినంత తగ్గించి చెబుతున్నాను. మిగిలిందంతా జరిగిందే.

వీధంతా అతన్ని నురుగు బాబాయి అంటారు. వయసులో నాకంటే చిన్నవాడే. పిల్లలు పిలవగా పిలవగా నా నోటికీ అదే పట్టింది. గిన్నెలో బ్రష్షు తిప్పి అతను నురుగు లేపుతుంటే చూడాలి. గిన్నె బోర్లించినా కిందపడదు. ఒకసారి నా బుగ్గలకి నురుగు పట్టించి అతను ఫోను మాట్లాడటానికి వెళితే, నేనో కునుకు తీసి లేచేసరికి కూడా అది చెక్కుచెదరలేదు. పైగా ఓ పిచ్చుక అందులో గూడు కట్టుకుందామని పుల్ల తెచ్చుకుంది. సరే, పిచ్చుక రాలేదు. నురుగు మాత్రం నిజం.

ముందు గది సెలూన్, వెనక గదులు ఇల్లు, ఇంటి వెనక తోట, తోట చివర నడుమెత్తు గోడ, గోడ అవతల సందు. తోటకి ఓ పక్క గోడ మాకూ వాళ్లకీ ఉమ్మడిది. తోటంటే పెద్దగా ఊహించుకోకండి. నాలుగు మళ్లు, ఒక పందిరి, ఒక నీళ్ల తొట్టి. కానీ అక్కడ కాసే వంకాయలు అద్దంలా మెరిసేవి. ఎరువేమిటని అడిగితే పిన్ని, అంటే బాబాయి భార్య, నవ్వి ఊరుకునేది. మాకు తెలుసు. సాయంత్రం సెలూన్ ఊడ్చి, పోగైన జుట్టంతా తీసుకెళ్లి బాబాయి ఆ మొక్కల మొదట్లో పాతిపెట్టేవాడు. అంటే వీధిలో మగవాళ్లందరం తలా కాస్త ఆ తోటలో కలిసి ఉన్నామన్నమాట. ఆ వంకాయల నలుపులో సింహభాగం నాదేనని నా నమ్మకం, ఎందుకంటే నా తలమీద ఇప్పుడు అది లేదు.

సెలూన్లో ఒకటే కుర్చీ, ఒకటే అద్దం, ఒకటే బల్ల, కప్పడానికి ఒకటే తెల్లగుడ్డ. వంతుకి చీటీలూ గీటీలూ లేవు. లోపలికి వచ్చినవాడు గుమ్మంలో నిలబడి, "చివర ఎవరండీ?" అంటాడు. "నేనే" అని ఒకడు చెయ్యెత్తుతాడు. అంతే. తన ముందు ఎవరో అది ఒక్కటి గుర్తుంచుకుంటే చాలు, మిగతా ప్రపంచంతో పని లేదు. అయినా ఆదివారం వచ్చిందంటే, నేను ముందంటే నేను ముందని గొడవ తప్పేది కాదు. నేను పేపరు కోసం వెళ్లేవాడిని. నా వంతు వచ్చినప్పుడల్లా వెనకవాడికి ఇచ్చేసి, చిట్టచివర గడ్డం గీయించుకుని భోజనానికి లేచేవాడిని.

అందరికంటే ముందు వచ్చేది పోస్ట్‌మాస్టరు గారు. రిటైరయ్యారు గాని ఇస్త్రీ మడత పోలేదు. షట్టరు ఎత్తేసరికి గుమ్మంలో ఉండేవారు. గడ్డం అయ్యాక కూడా ఇంటికి పోకుండా బల్ల మీద కూర్చుని వీధి తగువులన్నీ తీర్చేవారు. అన్నదమ్ముల గోడ తగాదా, అద్దె ఇంటి కుళాయి తగాదా, కుక్క ఎవరిదన్న తగాదా, అన్నీ ఆయన దగ్గరికే. ఆయన చెప్పింది ఎవరూ కాదనేవారు కారు. మా కాన్వెంటు ఫాదరు గారు కన్ఫెషన్ పెట్టెలో కూడా అన్ని పాపాలు విని ఉండరు.

మొదట పోయింది ఒక టమాటా. బాబాయి ఎవరికీ చెప్పలేదు. తర్వాత వంకాయ. తర్వాత బీరకాయ. దొంగ తోట ఊడ్చుకుపోయే రకం కాదు. పోయింది ఎప్పుడూ ఒక్కటే, అదీ ఆ మడిలో అందరికంటే అందంగా ఉన్నదే. దాంతో బాబాయికి మరీ మండింది.

"కోతులేమో లెండి," అంది పిన్ని.

"కోతి తొడిమతో సహా కత్తిరించి పట్టుకెళుతుందా? ఏ కోతి చేతిలోనైనా కత్తెర చూశావా?"

"మీ చేతిలో చూస్తున్నాగా రోజూ," అంది పిన్ని.

అది మొదలు, మనిషికి కాలు ఒకచోట నిలవలేదు. గడ్డం సగం గీసి, "ఒక్క నిమిషం" అని వెనక్కి పోయేవాడు. కుర్చీలో మనిషి ఒక బుగ్గ పెళ్లికొడుకులా, ఒక బుగ్గ సన్యాసిలా కూర్చుని ఎదురుచూడాలి. ఆకు కదిలితే పరుగు. సందులో సైకిల్ బెల్లు మోగితే పరుగు. అన్నం మధ్యలో లేచి పందిరి కింద నిలబడి అక్కడే ముద్ద మింగేవాడు. మంచంమీద అటు తిరిగి ఇటు తిరిగి పిన్నికి కూడా కంటిమీద కునుకు లేకుండా చేశాడు. వీధిలో అందరికీ గడ్డాలు గీసే మనిషి తన గడ్డం గీసుకోవడం మానేశాడు. బుగ్గలు చీపురు కట్టలా తయారయ్యాయి.

ఆఖరికి అద్దాన్నే పక్కకి వంచాడు. వెనక తలుపు తెరిచి ఉంచితే ఆ అద్దంలో పందిరి కనబడుతుంది. ఇక కత్తి ఆడేది మన గొంతు మీద, చూపు ఉండేది బీరపాదు మీద. ఇలాగే ఒక రోజు టైలరు చెవి దగ్గర తెగింది. ఆ కుర్చీలో రక్తం చూడటం వీధికి అదే మొదటిసారి. బాబాయి తెల్లబోయాడు. కత్తి కింద పెట్టి తన చేతినే ఎవరిదో అన్నట్టు చూసుకున్నాడు. టైలరు చెవికి ప్లాస్టరు వేయించుకుని, "సూది నా దగ్గరే ఉందిలే బాబాయ్, కుట్టేసుకుంటా," అన్నాడు గాని, బల్లమీద ఉన్నవాళ్లలో ఒకరిద్దరు మెల్లగా లేచి వెళ్లిపోయారు. మెయిన్ రోడ్డులో ఏసీ సెలూన్ ఒకటి కొత్తగా వచ్చింది. అక్కడ కత్తి పట్టుకున్నవాళ్లు మన మొహమే చూస్తారట.

ఆ సాయంత్రం గోడ దగ్గర బాబాయి నాతో అన్నాడు. "అన్నగారూ, మనుషులు కళ్లు మూసుకుని గొంతు నాకిచ్చి పడుకుంటారు. నేనేమో, ఈ గొంతులోంచేనా నా వంకాయ దిగింది అని చూస్తున్నా. ఇలాగైతే కత్తి పట్టకూడదు."

పోస్ట్‌మాస్టరు గారు రోజుకో సలహా ఇచ్చేవారు. గంట కట్టమన్నారు. గోడమీద గాజుపెంకులు వద్దన్నారు, పాపం ఎవరికైనా గుచ్చుకుంటాయని. దొంగ ఎంతటివాడైనా మనిషేనని, మాట్లాడి మార్చుకోవాలని అన్నారు. బాబాయి తల ఊపేవాడు. ఆ రోజుల్లోనే పిన్ని ఒక వార్త మోసుకొచ్చింది. పోస్ట్‌మాస్టరు గారి భార్య తెగ మురిసిపోతోందట. ఏడాదిగా ఆయన డాబామీద ఉత్త మట్టి కుండీలు పెట్టుకుని రోజూ నీళ్లు పోస్తుంటే ఆవిడ ఎగతాళి చేసేదట. ఇప్పుడు ఆయన పొద్దున్నే డాబా దిగుతూ ఒక టమాటానో, ఒక వంకాయో చేతిలో పెడుతున్నారట. ఆవిడకి మోకాళ్ల నొప్పులు, పైకెక్కి చూసేది లేదు.

"అదృష్టవంతురాలు," అన్నాడు బాబాయి. అద్దంలో పందిరి చూస్తూనే అన్నాడు.

పందిరికి ఒక సొరకాయ ఉంది. విత్తనానికని వదిలింది. పిన్ని పాత చీర చింపి ఉయ్యాల కట్టి అందులో వేలాడదీసింది. అది పోయిందంటే ఇక సెలూన్ మూసేస్తానని బాబాయి శపథం పట్టాడు. ఊరి చివర పొదల్లోంచి దూలగొండి కాయలు తెచ్చాడు. చూడటానికి బంగారు నూగుతో ముద్దొస్తాయి. ఆ నూగు ఒంటికి తగిలిందా, చర్మం ఒలుచుకోవాలనిపిస్తుంది. రెండు చేతులకీ ప్లాస్టిక్ సంచులు కట్టుకుని, అరిగిపోయిన షేవింగు బ్రష్షుతో ఆ నూగంతా గోడమీదా, ఉయ్యాలమీదా పౌడరులా అద్దాడు. ఈసారి పోస్ట్‌మాస్టరు గారిని కూడా సలహా అడగలేదు. గోడ ఇవతల నేను చూస్తున్నాను కాబట్టి నాకు మాత్రం చెప్పక తప్పలేదు.

మర్నాడు ఆదివారం. పొద్దున్నే గోడమీదుగా బాబాయి తల కనబడింది. కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి గాని మొహంలో ఏడుపు లేదు.

"పోయిందన్నగారూ. నేను ముందుకెళ్లి షట్టరు ఎత్తి, గది ఊడ్చి వచ్చేసరికి పోయింది. ఇవాళ ఎవడు గోక్కుంటే వాడే."

నేను చొక్కా వేసుకుని వెళ్లేసరికి కుర్చీలో పోస్ట్‌మాస్టరు గారున్నారు. మెడ ఎర్రగా కందిపోయింది. బాబాయి అయ్యో అని అడిగితే, చెమటకాయలన్నారాయన. బాబాయి నమ్మాడు. సందేహం రాకపోగా ఆయన మెడకి ప్రేమగా పౌడరు కూడా రాసి, గుడ్డ ఒక్కసారి దులిపి, "తర్వాత ఎవరండీ?" అన్నాడు. ఆయన లేచి బల్లమీద తన చోట కూర్చున్నారు. రెండు చేతులూ మోకాళ్లమీద బిగించి పట్టుకున్నారు.

తర్వాత టైలరు. నురుగు పెట్టడం పూర్తికాకముందే టైలరు మెడ తిప్పాడు. తర్వాత గుడ్డ కిందినుంచి చెయ్యి తీసి గోక్కున్నాడు. అద్దంలో బాబాయి కళ్లు నన్ను వెతికాయి. 'చూశారా' అన్నట్టు కనుబొమలు ఎగరేశాడు. చెవి తెగినా నవ్వేసి పోయింది ఇందుకా అని ఆ చూపు అర్థం. టైలరు గడ్డం పూర్తిచేశాక పంపకుండా, మాట్లాడాలి ఉండమని బల్లమీద కూర్చోబెట్టాడు. తర్వాత మందుల షాపాయన కూర్చున్నాడు. ఆయనా గోక్కున్నాడు. బాబాయి కనుబొమలు కొంచెం దిగాయి. తర్వాత బస్సు డ్రైవరు. అతను గోక్కోవడంలో మొహమాటం లేనివాడు. కుర్చీలోనే చొక్కా విప్పేసి వీపు కుర్చీ అంచుకేసి రాశాడు. అది చూసి మందుల షాపాయన విప్పాడు. టైలరు విప్పాడు. ఇంకా గుడ్డ కప్పుకోని నాకు కూడా ఎందుకో బనియన్ లోపల ఏదో పాకినట్టయింది, నేనూ విప్పాను. సెలూన్ నిండా ఉత్త పొట్టలు. పోస్ట్‌మాస్టరు గారి బొత్తాలు మాత్రం మెడదాకా పెట్టి ఉన్నాయి.

బాబాయి కత్తి పట్టుకుని మధ్యలో నిలబడ్డాడు.

"అంటే అందరూనా? వంతులేసుకుని మరీ దోచారన్నమాట. పొద్దున్నే అక్కడా వంతే, ఇక్కడా వంతే."

ఎవరికీ అర్థం కాలేదు. సొరకాయ, గోడ, దూలగొండి, అన్నీ వరసగా అతనే కక్కేశాడు. విన్నకొద్దీ డ్రైవరు మొహం నల్లబడింది.

"నా జుట్టు తిని పెరిగిన సొరకాయ. దానికి నేను దొంగనా బాబాయ్? అడిగితే పిన్ని ఇవ్వదా?" అన్నాడు. "గొంతు నీ చేతిలో పెట్టి గుర్రు పెట్టి నిద్రపోతాం. నువ్వేమో మమ్మల్ని ఇలా చూస్తున్నావా ఇన్నాళ్లూ?"

డ్రైవరు చొక్కా భుజాన వేసుకున్నాడు. ఇప్పుడు గనక అతను గుమ్మం దాటితే మిగతావాళ్లు వెనకే దాటుతారు, ఆ షట్టరు మళ్లీ ఎత్తాల్సిన పనుండదు. అది బాబాయికి తెలుసు. బల్ల పట్టుకుని నిలబడ్డాడు.

అప్పుడే మందుల షాపాయన తెల్లగుడ్డ తీసి కిటికీ వెలుగులో పట్టుకున్నాడు. గుడ్డమీద సన్నని బంగారు నూగు మెరిసింది.

"ఆగవయ్యా. దురద మన దగ్గర లేదు, దీన్లో ఉంది," అన్నాడు. "అందరికంటే ముందు ఎవరు కప్పుకున్నారో వాళ్ల ఒంటినుంచి దిగింది. తర్వాత వరసగా మనకి అంటింది. ముందు ఎవరు?"

ప్రతి ఆదివారం నేను ముందంటే నేను ముందని కొట్టుకునేవాళ్లు, ఆ రోజు ఒక్కడూ ముందు లేడు. డ్రైవరు వెంటనే, తన ముందు మందుల షాపాయనే కూర్చున్నాడని చెప్పాడు. మందుల షాపాయన తన ముందు టైలరన్నాడు. ఇంకేముంది, అందరం టైలరు వైపు తిరిగాం.

"నా ముందు..." అన్నాడు టైలరు. అని ఆగిపోయాడు. అతని చూపు బల్ల చివరికి వెళ్లి, అక్కడినుంచి చటుక్కున నేలమీదకి దిగింది.

పోస్ట్‌మాస్టరు గారు తలెత్తలేదు. మోకాళ్లమీద వేళ్లు తెల్లబడ్డాయి. మెడమీద పౌడరు చెమటకి గీతలు గీతలుగా కారుతోంది. వీధిలో ఇంతమందికి తగువులు తీర్చిన మనిషి, తన వంతు కోసం కూర్చున్నాడు. బాబాయి ఆయన్ని చూశాడు. వెనక తలుపులోంచి ఖాళీ ఉయ్యాలని చూశాడు. డాబా, కుండీలు, మురిసిపోతున్న ఆవిడ, అన్నీ ఒకదాని వెనక ఒకటి అతని మొహంమీద నడిచి వెళ్లడం నేను అద్దంలో చూశాను.

బాబాయి చెయ్యెత్తి తన మెడే బరబరా గోక్కున్నాడు.

"ముందు నేనే," అన్నాడు. "షట్టరు ఎత్తగానే ఈ కుర్చీలో కూర్చుని గడ్డం గీసుకున్నా. ఈ గుడ్డే కప్పుకున్నా. పొద్దున్న పందిరి కింద పాకిన ఒళ్లేగా. అదే అంటింది."

అతని బుగ్గలమీద ఎన్నాళ్లదో గడ్డం. దాన్ని చూడకుండా ఉండటం గుడ్డివాడికి కూడా కష్టం. అందరూ చూశారు. డ్రైవరు ఏదో అనబోయాడు. చెవికి ప్లాస్టరు ఉన్న టైలరు అతనికంటే ముందు నోరు తెరిచాడు.

"అవును. నేను వచ్చేసరికి కుర్చీలో బాబాయే ఉన్నాడు. నున్నగా గీసుకుంటున్నాడు."

మందుల షాపాయన దగ్గాడు. డ్రైవరు బాబాయి గడ్డాన్ని మరోసారి తేరిపార చూసి, ఇంత నున్నటి గడ్డం తను జన్మలో చూడలేదన్నాడు. ఇంకేం, నవ్వుల కట్ట తెగింది. దొంగకి ఉచ్చు పన్ని తనే ఇరుక్కున్నవాడని బాబాయిని ఏడిపించడం మొదలుపెట్టారు. అతను ఆ తిట్లన్నీ దండలేసినట్టు వేయించుకున్నాడు. పిన్ని బక్కెట్లతో నీళ్లూ, సీసాడు కొబ్బరినూనే తెచ్చి పెట్టింది. డ్రైవరు లోపలి గదిలోకి వెళ్లి గడియ వేసుకుంది అప్పుడే. ఆ సందట్లో పోస్ట్‌మాస్టరు గారు ఎప్పుడు లేచి వెళ్లారో ఎవరూ చూడలేదు. చూడనట్టే ఉన్నారు.

సోమవారం పొద్దున పిన్ని కేక వినబడి నేను గోడ దగ్గరికి పరిగెత్తాను. ఉయ్యాలలో సొరకాయ ఉంది. తెంపిన తొడిమని మళ్లీ తీగకి ఆనించి పురికొసతో కట్టారు. ఆ ముడి చూడాలి. అడ్డం రెండు చుట్లు, నిలువు రెండు చుట్లు, మధ్యలో గట్టి బిగింపు. దేశం చివరిదాకా వెళ్లినా ఊడని పార్సిలు ముడి. తెగిన కాయ తీగకి తిరిగి అతుక్కోవడం వృక్షశాస్త్రంలో అంతకుముందు జరగలేదు. అతుక్కుని ఇంకో జానెడు పెరిగిందని కూడా చెప్పేవాణ్ని గాని, సిస్టర్లు గుర్తొస్తున్నారు.

బాబాయి ఆ ముడి విప్పలేదు. లోపలికి వెళ్లి అద్దాన్ని తిన్నగా జరిపాడు. కుర్చీలో కూర్చుని తన గడ్డం తను గీసుకున్నాడు.

ఆ సొరకాయ గింజలు మొలకెత్తాక ఒక మొలక కుండీ భుజాన పెట్టుకుని పోస్ట్‌మాస్టరు గారింటికి వెళ్లాడు. తన తోటలో నీడెక్కువైందని, కాస్త వాళ్ల డాబామీద ఎండలో ఉంచుకోనివ్వమని బతిమాలాడట. నిజమైన తీగ పిట్టగోడ మీదుగా కిందికి దిగాక ఆయన మళ్లీ బల్లమీదకి వచ్చారు. రావడమైతే వచ్చారు గాని, ఇప్పుడు అందరికంటే ముందు రారు. గుమ్మంలో నిలబడి మెల్లగా, "చివర ఎవరండీ?" అంటారు. ఎవరో ఒకరు జరిగి చోటిస్తారు. బాబాయి కాలు మాత్రం ఇంకా పూర్తిగా కుదురుకోలేదు. షట్టరు ఎత్తుతూ ఇప్పటికీ ఒక్కసారి వెనక్కి చూస్తాడు.

ఇదంతా రాసి నిన్న కుర్చీలో కూర్చుని అతనికే చదివి వినిపించాను. నా మొహం నిండా నురుగు. కత్తి నా గొంతు దగ్గర ఉంది.

"అంతా అబద్ధం," అన్నాడు బాబాయి. "నా తోటలో కాయ పోయిందెప్పుడు? దూలగొండి ఎలా ఉంటుందో నాకు తెలీదు. ఆ సొరకాయ తీగమీదే ముదిరింది. పోస్ట్‌మాస్టరు గారి డాబామీద మొదటినుంచీ కాస్తూనే ఉన్నాయి. గడ్డం పైకెత్తండి, కదలకండి."